తోడు వచ్చే మనిషి

మాంట్రియల్‌లో, కొత్తగా వచ్చినవాళ్ళకి ఫ్రెంచి నేర్పే బడి. కింద అంతస్తులో కోట్లు తగిలించుకునే గది. తరగతి ఇంకా మొదలవలేదు. రత్నకుమారి, నీరజ.

"మాట మార్చకే నీరజా. సినిమా సంగతి తర్వాత. పొద్దున మధు నాకు ఫోన్ చేసింది."

"మధునా? నీకెందుకు చేసింది?"

"నాకెందుకు చేస్తుంది? నీ గురించే. 'ఆంటీ, అమ్మ వీడియోలో బాగా సన్నగా కనబడుతోంది, నాకేమో ఏం లేదంటోంది, మీరు రోజూ చూస్తారుగా, నిజం చెప్పండి' అంది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంటాను? బాగానే ఉందమ్మా, బేకరీలో నిలబడి నిలబడి కాస్త నలిగింది, అంతే అన్నాను. అబద్ధమాడాను నీరజా. దేని మీద ఆడుతున్నానో నాకే తెలీకుండా ఆడాను. అది మామూలు అబద్ధం కంటే పెద్ద పాపం."

"అబద్ధమేముందక్కా అండ్ల. మంచిగనే ఉన్న."

"మంచిగానే ఉంటే మంగళవారం ఆసుపత్రి మెట్ల మీద ఏం చేస్తున్నావు?"

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరో చెప్పడమెందుకు, బస్సులోంచి నేనే చూశాను. ఆ ఎర్ర టోపీ ఈ ఊళ్ళో ఇంకెవరికుంది? కిటికీ అద్దం మీద కొట్టాను కూడా. నువ్వు చూడలేదు. తల దించుకుని అక్కడే నిలబడ్డావు, ఎక్కేదానివీ కాదు, దిగేదానివీ కాదు."

"షుగర్ చూపిచ్చుకుంటానికి పోయిన."

"షుగర్‌కి మన వీధి చివర క్లినిక్కు ఉంది. పెద్దాసుపత్రికి ఎవరూ షుగర్‌కి వెళ్ళరు."

"అబ్బ, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవేందక్కా. మొదలు మనల్నే పిలుస్తా అన్నది మేడమ్. ఆమె చూపిచ్చిన సినిమాల కారు సీను ఒక్క ముక్క రాదు మనకు. మొత్తం క్లాసు ముంగట నవ్వులపాలైతం."

"అవుదాం. నవ్వితే పోయేదేముంది, పళ్ళు కనిపిస్తాయి. నాకు రాత్రి నిద్ర పట్టలేదు తెలుసా? మా అబ్బాయి రేవంత్ లేచొచ్చి 'ఏమ్మా, హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నావు' అన్నాడు. మనవడు చింటుకి జలుబని చెప్పాను. పాపం వాడికి జలుబే లేదు. పొద్దున లేచేసరికి వచ్చింది. చూశావా, నోటితో అంటే ఎలా జరుగుతుందో."

"చిన్నపిలగాడు, జలుబు రాకుంటే ఏమొస్తది."

"నువ్వు నవ్వకు. చెప్పు."

"సీను చెప్పుకుందాం పట్టు. ముందు తెలుగుల అనుకుందాం, అటెంక ఫ్రెంచిలకు తిప్పుకుందాం. సినిమా యాదికుందా అసలు?"

"ఎందుకు లేదు? ఎలా మర్చిపోతాను? అలాంటి సినిమా చూపించినందుకు మేడమ్ మీద ఇంకా కోపంగానే ఉంది నాకు. ఇద్దరు స్నేహితురాళ్ళు. ఎలెన్, సోలాంజ్. ఎలెన్‌కి మాయదారి రోగం. మొగుడు బెర్నార్‌కి చెప్పదు. సోలాంజ్‌కి మాత్రం కారాపి చెబుతుంది. సోలాంజ్ ఎవరికీ చెప్పనని మాటిస్తుంది. ఇద్దరూ కలిసి సముద్రం చూడ్డానికి పోతారు. అక్కడ ఒకటే తిండి. అంత రోగం పెట్టుకుని ఆ చీజేంటి, ఆ వైనేంటి, ఆ సిగరెట్లేంటి? ఎవరైనా ఇంత చారన్నం పెట్టారా ఆవిడకి?"

"ఫ్రాన్సుల చారన్నం ఎక్కడిదక్కా."

"అదే నేననేది. ఇంతాచేసి, ఆ సోలాంజ్ పెళ్ళికి ముందు బెర్నార్‌నే ప్రేమించిందట. ఎలెన్‌కి అది తెలుసట. తెలిసీ పక్కన పెట్టుకు తిరిగిందట. నాకు అర్థం కాలేదు బాబూ."

"నాకు అయింది."

"ఏమైంది?"

"తన మొగుణ్ణి ప్రేమించిన మనిషైతే, తను పోయినంక ఆయనకు ఇంత ముద్ద పెడతదని ఎలెన్ ధైర్యం. అన్నీ తెలిసినోళ్ళ దగ్గరే మనసు నిమ్మళంగ ఉంటది."

"మనకా తంటా లేదులే. నా మొగుడు ఫోటోలో ఉన్నాడు, నీ మొగుడూ ఫోటోలోనే ఉన్నాడు."

"అవును. ఇద్దరికీ దండలు మార్చుడే పని."

"ఛీ, ఏం మాటలే అవి."

"నువ్వు మొదలుపెట్టి నన్నంటవ్. సరే, నేను ఎలెన్ చేస్త. నువ్వు సోలాంజ్."

"వద్దు."

"వద్దంటే ఎట్ల? ఎవరో ఒకరు చెయ్యాలె."

"ఎలెన్ నువ్వు చెయ్యొద్దు. నేనూ చెయ్యను. నేను చచ్చిపోతున్నాను అని నోటితో అనడమేంటే, పదిమందిలో, పొద్దున్నే? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"ఈ దేశంల కూడ తిరుగుతరా?"

"దేవతలకి వీసాలేంటే? ఎక్కడైనా తిరుగుతారు. పైగా ఫ్రెంచిలో అంటే వాళ్ళకి సగమే అర్థమై, ఏది పడితే అది తథాస్తు అనేస్తారు. ఇంకా ప్రమాదం."

"మరెట్ల?"

"ఎలెన్‌కి జలుబు చేసిందని చెబుదాం. గట్టి జలుబు. మన మాటల్లో చెప్పుకోమందిగా మేడమ్."

"జలుబు చేస్తే కారాపి సముద్రంకాడికి ఎవరు పోతరక్కా? క్లాసంత పడి పడి నవ్వుతది. నేను చేస్త. నాకేం కాదు. కూసో ఇట్ల. ఇది కారు అనుకో. నేను నడుపుతున్న. ఆపిన. ఇగ నువ్వడుగు."

"నాకిష్టం లేదు."

"అడుగక్కా."

"సరే. ఎలెన్, కారెందుకు ఆపావు? ఏమైంది?"

"ఏం కాలే."

"ఏం కాకపోతే ఎందుకాపావు? ఇది హైవే. వెనక ట్రక్కులొస్తాయి. మొన్న టీవీలో చూపించారు, ఇలాగే ఆపితే..."

"అక్కా, సోలాంజ్ అట్ల అనదు."

"అనాలి మరి. బుద్ధున్న మనిషైతే అంటుంది. సరే, చెప్పు ఎలెన్, ఏమైంది?"

"నీకు చెప్పద్దనుకున్న. ఎవ్వరికీ చెప్పద్దనుకున్న. కడుపుల పెట్టుకోని తిరిగిన ఇన్ని దినాలు. బేకరీల ట్రే ఎత్తుతుంటె ఒకనాడు చేతికి తగిలింది."

"బేకరీ కాదే, ఆవిడ పూలకొట్టు."

"మన మాటల్ల చెప్పమన్నరు కద. విను. చేతికి తగిలింది. చిన్నది, శనగగింజంత. పోతదిలే అనుకున్న. పోలే. డాక్టర్ దగ్గరికి పోయిన. సూది గుచ్చి తీసి చూసిన్రు. మంచిది కాదన్నరు."

"సినిమాలో ఆవిడకి రక్తంలో కదే జబ్బు? గడ్డేం లేదుగా."

"ఇండ్ల గడ్డ ఉంది. మనిద్దరం పిల్లలకు పాలిచ్చిన తావుల ఉంది. ఆపరేషన్ చేసి తీసేస్త అన్నరు, తీసినంక మందులో కరెంటో ఏదో పెడతమన్నరు. గురువారం రమ్మన్నరు. తోడు ఒక మనిషిని తెచ్చుకోమన్నరు. మత్తు ఇస్తరంట, ఒక్కదాన్ని ఇంటికి పోనియ్యరంట. తోడు లేకుంటే ఆపరేషనే చెయ్యరంట."

"బాగానే కడుతున్నావు కథ. తర్వాత నేనేమనాలి?"

"ఎవ్వరికీ చెప్పనని మాట ఇయ్యాలె. ముఖ్యంగ మధుకు చెప్పనని."

"మధు ఎవరే సినిమాలో? బెర్నార్ అను. మేడమ్‌కి అర్థం కావద్దా, మధు అంటే ఎవరని... నీరజా?"

"ఊ."

"నీరజా, ఇలా చూడు. చూడవే నా మొహంలోకి. మధు ఎవరే?"

"నా బిడ్డ."

"అయ్యో. అయ్యో నా తల్లీ. అయ్యో!"

"ఒర్రకక్కా, పైన వినపడతది. కూసో. నిలబడకు, కూసో అంటున్న. ఇగో, నీళ్ళు తాగు."

"నాకెందుకే నీళ్ళు? నీకు... నీకెప్పుడు తెలిసింది? ఇదంతా ఎప్పుడు?"

"ముందు తాగు. ముఖమంత తెల్లగయింది నీది. ఇగో, ఇందుకే చెప్పలే."

"ఇందుకేనా? ఇందుకేనా చెప్పలేదు? శనివారం మా ఇంట్లో గారెలు తిన్నావు. మా చింటుని ఎత్తుకు తిరిగావు. అప్పుడూ ఉందా అది?"

"ఉంది."

"గారె ఇంకోటి వెయ్యమన్నావే."

"గారె మంచిగుండె, అందుకే."

"ఒళ్ళు మండిపోతోంది నాకు. పక్క పక్కనే కూర్చుంటాం. ఒకే బస్సు. నీ డబ్బాలోది నేను తింటాను, నా డబ్బాలోది నువ్వు తింటావు. ఈ ముక్క చెప్పడానికి నీకు సినిమా కావాల్సొచ్చిందా?"

"మామూలుగ నోరు రాలేదక్కా. వేరేదాని లెక్క చెప్తే వచ్చింది."

"నేను పరాయిదాన్నా?"

"పరాయిదానివి కాదు. భయస్తురాలివి. మంచు పడితే రేవంత్‌కు ఆఫీసు చేరేదాక ఫోన్ల మీద ఫోన్లు చేస్తవ్. చింటు తుమ్మితే దిష్టి తీస్తవ్. అంబులెన్స్ చప్పుడైతే మీ ఇంటికే వస్తున్నదనుకుంటవ్. నీకు చెప్తే ఏమైతది? నాకు ఆపరేషన్, నీకు ఆక్సిజన్. ఇద్దరికీ పక్కపక్క మంచాలు."

"అంటే నాకు భయమని, నాతో పనికిరాదని."

"అట్ల అనలే."

"అన్నావు. అననే అన్నావు. పర్లేదు. మరి గురువారం తోడు ఎవరిని తీసుకెళ్తున్నావు?"

"ఎవ్వరిని లేదు."

"లేకపోతే చెయ్యరన్నావుగా?"

"అందుకే ఆపేస్తున్న. ఇయ్యాళ మధ్యాహ్నంలోపల ఫోన్ చేసి తోడు మనిషి పేరు, నంబరు చెప్పాలె. లేదంటే ఆ తారీకు వేరేవాళ్ళకిస్తరు. ఇచ్చుకోనీ. మధు చదువు కానీ, అప్పుడు చూసుకుంట."

"ఆపేస్తున్నావా?"

"వచ్చే వారం మధు అక్కడ వాళ్ళ యూనివర్సిటీల థీసిస్ చెప్పుకోవాలె, పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముంగట. ఇన్నేండ్ల చదువు దాని మీదనే ఉంది. అది కానియ్యి."

"అది అయ్యాక?"

"అయినంక ఉద్యోగం."

"ఉద్యోగం అయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక పురుడు. ఆ గడ్డకి చెప్పావా ఇదంతా? కాస్త ఆగమ్మా, మా పిల్ల పురుడు అయ్యేదాకా పెరగకు అని?"

"కొన్ని దినాలకు ఏం కాదు."

"డాక్టరన్నాడా ఏం కాదని?"

"అనలే. జల్ది చేసుకోమన్నడు."

"మరి? నీరజా, నాకు చదువు లేదు. పదో క్లాసు రెండుసార్లు రాసినదాన్ని. కానీ డాక్టరు తొందరగా అన్నాడంటే తొందరగానే. ఈ దేశంలో వాళ్ళు ఊరికే తొందరగా అనరు. మోకాలు నొప్పికి నన్ను ఎన్నాళ్ళు తిప్పారో నీకు తెలుసు. అలాంటిది, నిన్ను ఇంత తొందరగా పిలిచారంటే... వద్దు, నోటితో అనను."

"అనకు."

"ఇటివ్వు ఫోను. మధుకి నేను చెప్తాను."

"అక్కా, ఫోన్ కింద పెట్టు."

"పెట్టను."

"అక్కా, నీకు దండం పెడత. వాళ్ళ నాయన పోయినప్పుడు ఏమైందో నీకు తెల్వదు. పిల్ల హాస్టల్ల ఉండె. రేపు పరీక్ష అనంగ కబురు పోయింది. పరీక్ష ఇడిచిపెట్టి వచ్చింది. మళ్ళ పుస్తకం ముట్టలే. ఏడాది కిటికీకాడ కూసుంది. అన్నం కలిపి నోట్ల పెడితేనే తిన్నది. ఆ పిల్లను మళ్ళ లేపి, ఒక్కొక్క మెట్టు ఎక్కిచ్చి ఇక్కడిదాక తెచ్చుకున్న. ఇప్పుడు మళ్ళ అదే ఫోన్ నేను చెయ్యాల్నా? పరీక్ష ముంగట? చెయ్యలేనక్కా."

"ఏడవకే. ఏడిస్తే నేనూ ఏడుస్తాను. ఇదిగో, ఏడుస్తున్నాను."

"నేను ఏడుస్తలే. ముక్కు కారుతున్నది. ఈ గదిల హీటర్ సరిగ లేదు."

"విను. అప్పుడు ఆ పిల్లని పోయాక పిలిచారు. ఇప్పుడు ఉండగానే పిలువు. రెండూ ఒకటి కాదు. దానికి అప్పుడు నాన్న మొహం చూసే వీలు లేకుండా పోయింది. అందుకే కిటికీ దగ్గర కూర్చుంది. ఇప్పుడు కూడా వీలు లేకుండా చేస్తావా?"

"నేను పోతున్ననా ఏంది? సావు గురించి మాట్లాడుతవేంది, తథాస్తు దేవతలుంటరని నువ్వే అంటివి."

"అన్నాను. చెంపలేసుకుంటున్నాను. కానీ నువ్వు ఫోన్ చెయ్యి. సినిమాలో చివర ఏమైంది? సోలాంజ్ మాట నిలబెట్టుకుంది. గొప్ప స్నేహితురాలు. ఎలెన్ పోయింది. మరి బెర్నార్ ఏం చేశాడు? సోలాంజ్ గుమ్మం ముందు నిలబడితే తలుపు తీశాడా? మంచులో అలా నిలబడిపోయింది పాపం."

"మంచు కాదు, వాన."

"ఏదో ఒకటి, తడిసిందిగా. 'నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు' అన్నాడు. ఒక్కటే మాట. అది ఒక్కటి మాత్రం నాకు మేడమ్ చెప్పకుండానే అర్థమైంది. రేపు మధు గుమ్మం ముందు నన్నలా నిలబెడతావా? పొద్దునే నన్ను అడిగింది ఆ పిల్ల, నిజం చెప్పండి ఆంటీ అని. బాగానే ఉందన్నాను. ఆ మాట జన్మంతా దాని చెవిలో ఉండిపోతుంది, నా గొంతుతో."

"నీకేం తెల్వకనే అంటివి కద. నీ తప్పేముంది."

"పొద్దున తెలీదు. ఇప్పుడు తెలుసు. సాయంత్రం మళ్ళీ చేస్తానంది. అప్పుడేమనాలి? చెప్పు, ఏమనాలి?"

"బస్సుల ఉన్నా, సిగ్నల్ లేదని పెట్టెయ్యి."

"రేపు చేస్తే?"

"రేపు కూడ బస్సుల ఉండు."

"నువ్వు తగ్గేదాకా బస్సులోనే ఉండాలా నేను? సరే, ఒక పని చేద్దాం. మధు సంగతి పక్కన పెట్టు. ఒక్క నిమిషం పక్కన పెట్టు. తోడు మనిషి పేరు నాది చెప్పు."

"నీదా?"

"నాదే. రత్నకుమారి అని చెప్పు. స్పెల్లింగు నేను చెప్తాను."

"నువ్వొస్తవా ఆసుపత్రికి? లిఫ్టు ఎక్కనికె భయపడతవ్ నువ్వు."

"మెట్లెక్కుతాను."

"కారు నడపనికె రాదు నీకు."

"టాక్సీలో తీసుకొస్తాను. ఇంటికి చేర్చమన్నారు గాని, నడిపి చేర్చమన్నారా?"

"అక్కడ ఏడుస్తవ్."

"ఏడుస్తాను. ఏడుస్తూ కూర్చుంటాను. ఏడవకూడదని గోడ మీద బోర్డేమన్నా పెట్టారా? నువ్వు లోపలుంటావు, నీకు కనబడను. బయటికొచ్చేసరికి మొహం కడుక్కుంటాను."

"రేవంత్ అడిగితే? నీ కోడలు నిఖిల అడిగితే? పొద్దున పోయి సాయంత్రందాక ఎక్కడున్నవంటే?"

"అది నేను చూసుకుంటాను. అబద్ధం చెప్పడం నాకు రాదనుకుంటున్నావా?"

"నీకా? జలుబు లేని పిలగాడికి జలుబు తెచ్చినవ్."

"నవ్వావు. హమ్మయ్య. ఆ నంబరు తియ్యి, ఇప్పుడే చేద్దాం."

"ఆగక్కా. నాకు... నాకు అసలు తోడు కాదు బాధ."

"మరి?"

"ఆ బల్ల మీద పడుకున్నంక, మత్తు ఇచ్చినంక, మళ్ళ లేవకపోతే. మధు రేపు వీడియో చేస్తే ఫోన్ మోగుతనే ఉంటది. ఎవరెత్తుతరు? నీకున్న ఆ భయం నాకు లేదనుకున్నవా? నీకంటె ఎక్కువుంది. నువ్వు బయటికి అంటవ్, నేను అనను. అంతే తేడా."

"..."

"ఏందక్కా, ఊకున్నవేంది? నువ్వు ఊకుంటె నాకు ఇంక భయమైతది."

"విను. చెప్పేది బాగా విను. గుర్తుపెట్టుకో. ముందురోజు గోళ్ళ రంగు తీసెయ్యి, లేకపోతే అక్కడ దూదితో రుద్ది రుద్ది తీస్తారు. మెళ్ళో గొలుసు ఇంట్లోనే పెట్టు. అక్కడ తియ్యమంటారు, చిన్న సంచిలో వేస్తారు, నీకు లోపలంతా ఆ సంచి మీదే ధ్యాస ఉంటుంది. నీలం గౌను ఇస్తారు, వెనక ముడి. వీపంతా కనబడుతుంది. ఇంకోటి అడుగు, అడిగితే ఇస్తారు, దాన్ని ముందుకి కోటులా వేసుకో."

"సరే."

"వచ్చినవాళ్ళల్లా నీ పేరూ, పుట్టిన తేదీ అడుగుతారు. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ అడుగుతారు. మతిమరుపు కాదు, ఇంకొకళ్ళతో మారకూడదని. కోపం తెచ్చుకోకు. చలేస్తుంది. బాగా చలేస్తుంది. వేడి దుప్పటి కావాలని అడుగు. వేడి పెట్టే బీరువాలోంచి తీసి కప్పుతారు, అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెలా ఉంటుంది. అడక్కపోతే ఇవ్వరు. లోపలికి తీసుకెళ్ళేముందు ఒక కుర్చీలో కూర్చోబెడతారు, తలుపు పక్కన, ఒక్కదాన్నే. అక్కడే ఉంది అసలు భయమంతా. లేచి పారిపోదామనిపిస్తుంది. చెప్పుల కోసం వెతుక్కుంటావు. చెప్పులుండవు. అక్కడ ఓర్చుకున్నావా, తర్వాత ఏం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదు. మూతి మీద గిన్నెలాంటిది పెడతారు. అంకెలు లెక్కపెట్టమంటారు. నీకు తెలిసిన భాషలో పెట్టుకో, వాళ్ళేమనరు. మూడు దాటదు. కళ్ళు తెరిస్తే యాపిల్ జ్యూసు, రెండు బిస్కెట్లు. వాంతొస్తున్నట్టుంటుంది, ఒక్క గుక్క తాగితే సర్దుకుంటుంది. ముందు బొత్తాలున్న చొక్కా వేసుకుని వెళ్ళు, ఇలా తలమీంచి తొడుక్కునేవి వద్దు. కొన్నాళ్ళు ఎడమ చెయ్యి పైకి లేవదు."

"అక్కా."

"జడ కూడా వేసుకోలేవు. నేనొచ్చి వేస్తాను."

"అక్కా, నాది కుడి దిక్కు."

"ఆ?"

"నాది కుడి దిక్కు గడ్డ. ఎడమ చెయ్యి ఎందుకు లేవది?"

"ఏదో ఒక చెయ్యి. కుడి చెయ్యి. నోరు జారింది."

"ఇవన్ని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరో చెప్పార్లే. అదిగో, మేడమ్ పిలుస్తోంది. మన వంతొచ్చింది, లే."

"పిలవనీ. ఎవరు చెప్పిన్రక్కా?"

"టీవీలో చూశాను."

"టీవీల దుప్పటి వేడి తెలుస్తదా? ఇటు చూడు. ఇందాక నా ముఖంలకు చూడమంటివి. ఇప్పుడు నువ్వు చూడు."

"ముందు నువ్వు మధుకి ఫోన్ చెయ్యి. నువ్వు చేస్తే నేనూ రేవంత్‌కి చేస్తాను. ఇక్కడే, ఇద్దరం పక్క పక్కనే నిలబడి చేద్దాం."

"రేవంత్‌కెందుకు? రేవంత్‌కు ఏం చెప్తవ్?"

"పోయినేడు చలికాలం అమ్మ ఒట్టావా గుడికని చెప్పి వెళ్ళింది గుడికి కాదురా, ఆ ఆసుపత్రిలోనే, ఆ తలుపు పక్క కుర్చీలోనే కూర్చుందిరా, మీకెవ్వరికీ చెప్పే ధైర్యం లేక మన భాష ముక్కైనా రాని ఈ బడి మేడమ్‌ని తోడు తీసుకెళ్ళిందిరా అని చెప్తాను."